టిల్లు నుంచి బలగం దాకా: నవ్వించేటోడు మనల్ని ఎట్ల ఏడిపించిండు?

నేను జమ్మికుంట నుంచి మాట్లాడుతున్న. ఎనుక హారన్లు వినిపిస్తే జర ఓర్సుకోండి. పత్తి సీజన్ గదా, మార్కెట్‌కు పోయే ట్రాలీలు, డీసీఎంలు అన్నీ మా గల్లీ ముంగట్నుంచే పోతయ్.

ఇయ్యాల ఒక కమెడియన్ ముచ్చట చెప్తా. సినిమాల్ల హీరో పక్కన నిలబడ్డడు, టీవీల స్కిట్లు చేసిండు, ఆఖరికి కథ రాసుకొని డైరెక్టర్ అయిండు. సిరిసిల్ల బిడ్డ, వేణు యెల్దండి. మీలో చాలామందికి ఆయన ‘బలగం’ డైరెక్టర్‌గానే తెలుసు. టీవీ చూసే ఇండ్లల్ల ‘వేణు వండర్స్’ వేణు. అంతకుముందు సినిమావాళ్లకు టిల్లు వేణు. పేర్లు మూడు, మనిషి ఒక్కడే.

నా ప్రశ్న ఒక్కటే. ఏండ్ల తరబడి మనల్ని నవ్వించిన మనిషి మొదటి సినిమాతోనే ఊర్లకు ఊర్లను ఎట్ల ఏడిపించిండు? చాలామంది ఏమంటరంటే, కామెడీని పక్కకు పెట్టి సీరియస్ అయిండు, అందుకే ఆ సినిమా వచ్చింది అంటరు. నాకైతే అట్ల అనిపిస్తలేదు. కామెడీల నేర్సుకున్న పనితోనే ఆయన మనల్ని ఏడిపించిండు. అది ఎట్లనో వివరంగ చెప్తా. మధ్యల నా సొంత ముచ్చట ఒకటి వస్తది. చెప్పుకోవాలంటే సిగ్గే, కానీ అది లేకుంటే ఈ ఎపిసోడే లేదు.

అసలు టిల్లు ఎవరు?

మీకు టిల్లు అంటే డీజే టిల్లు యాదికొస్తడు, 2022ల వచ్చిన సినిమా. అంతకు 15 ఏండ్ల ముందే ఇంకో టిల్లు ఉన్నడు. 2007 మే నెలల ప్రభాస్ హీరోగ ‘మున్నా’ వచ్చింది. వంశీ పైడిపల్లికి డైరెక్టర్‌గ అది మొదటి సినిమా, దిల్ రాజు ప్రొడ్యూసర్. అందుల హీరో దోస్తుల్ల ఒకని పేరు టిల్లు. ఆ పాత్ర చేసినాయన మన వేణు. సినిమా ఎట్ల ఆడినా పేరు మాత్రం ఆయనకు అతుక్కున్నది. అప్పట్నుంచి టిల్లు వేణు అయిండు.

ఈ హీరో దోస్తు పాత్ర ఎట్లుంటదో మీకు తెలుసు. హీరో లవ్ చేస్తే పక్కన నిలబడాలె. హీరో కొడితే ఎనుక నుంచి ఈల ఎయ్యాలె. హీరో బాధపడితే భుజం మీద చెయ్యి ఎయ్యాలె. దోస్తుకు ఇల్లుండది, అమ్మానాయిన ఉండరు, సొంత కష్టముండది. రెండున్నర గంటల సినిమాల మనోడు దొరికేది ముక్కలు ముక్కలుగ నాలుగైదు నిమిషాలు. ఆ నాలుగైదు నిమిషాల్ల జనం నవ్వాలె, లేకుంటే ఎడిటింగ్‌ల పోతది.

ఇంకో ముచ్చట కూడ ఉన్నది. అప్పట్ల మన యాసకు తెరమీద రెండే జాగలు. ఒకటి రౌడీ నోట్లె, రెండోది కమెడియన్ నోట్లె. 1980ల వచ్చిన ‘మా భూమి’ లాంటివి అక్కడొకటి అక్కడొకటి తప్పితే, మన మాట వినబడంగనే జనం నవ్వుడే. మనం కూడ నవ్వినం. మన అవ్వ మాట్లాడే మాటకే మనం నవ్వుకుంటున్నమని అప్పట్ల తోచలే. తర్వాత 2016ల ‘పెళ్లి చూపులు’, 2017ల ‘ఫిదా’, 2019ల ‘మల్లేశం’ వచ్చినయి. అప్పట్నుంచి మెల్లమెల్లగ ఈ యాసల ప్రేమ కూడ చెప్పొచ్చు, కష్టం కూడ చెప్పొచ్చు అని సినిమావాళ్లకు అర్థమయింది. వేణు పనిచేసింది మాత్రం ఆ మార్పు రాకముందు కాలంల.

గురువారం రాత్రి బడి

2013 ఫిబ్రవరిల ఈటీవీల ‘జబర్దస్త్’ మొదలైంది. నాగబాబు, రోజా జడ్జీలు, అనసూయ యాంకర్. గురువారం రాత్రి అయితే చాలు, మా గల్లీల ఏ ఇంటి ముంగట్నుంచి పోయినా అదే సప్పుడు. సినిమాల్ల చిన్న చిన్న పాత్రలు చేసుకుంట ఉన్న కమెడియన్లకు అది పెద్ద ఆసరా. ధనరాజ్, చంటి, రాఘవ, చమ్మక్ చంద్ర, షకలక శంకర్, వేణు, వీళ్లంత మొదటి బ్యాచ్. ఇప్పుడు మీకు బాగ తెలిసిన సుడిగాలి సుధీర్ కూడ మొదట్ల వేణు టీంల చేసినోడే.

దీంట్ల ఒక విషయం గమనించాలె. సినిమాల వేణు చెయ్యాల్సింది తన నాలుగు డైలాగులు. జబర్దస్త్‌ల ఆయన టీం లీడర్. టీం లీడర్ అంటే నటిస్తే సరిపోదు. ఎవరు ఏ పాత్ర, ఎవరు ముందు రావాలె, నవ్వు ఎక్కడ రావాలె, ఏ మాట మీద ముగించాలె, అంత చూసుకోవాలె. అది కూడ వారం వారం. పోయిన వారం స్కిట్ హిట్టయినా సరే, వచ్చే వారానికి మళ్ల తెల్లకాగితమే. జడ్జీలు ముంగటనే కూసుంటరు, జనం ముంగటనే ఉంటరు, నవ్వకపోతే అప్పుడే తెలిసిపోతది. కథ ఎట్ల కట్టాల్నో నేర్సుకునేటోనికి ఇంతకంటే గట్టి బడి ఏముంటది చెప్పండి?

అందరు స్కిట్ అంటే చిన్నసూపు చూస్తరు. కానీ స్కిట్ల ఒక లెక్క ఉంటది. మీరు రీల్స్ చేసేటోళ్లయితే రాసిపెట్టుకోండి. ఒకే ముచ్చటను మూడుసార్లు తేవాలె. మొదటిసారి జనానికి ముచ్చట తెలుస్తది. రెండోసారి వచ్చినప్పుడు గుర్తుపడ్తరు, నవ్వుతరు. మూడోసారి కోసం వాళ్లే ఎదురు చూస్తరు. అప్పుడు వాళ్లు అనుకున్నదానికి వేరే ఏదన్న జరగాలె. ఇంకో లెక్క కూడ ఉన్నది. గొడవ పెద్దగుండాలె, కారణం చిన్నగుండాలె. ఉల్లిగడ్డ కోసం ఊరంత కొట్టుకుంటే నవ్వొస్తది. ఊరు కోసం ఊరంత కొట్టుకుంటే అది యుద్ధమయితది.

ఈ రెండు లెక్కలు యాదికుంచుకోండి. ఇగ బలగంకు పోదాం.

కాకి ముట్టని ఇల్లు

2023 మార్చి 3న ‘బలగం’ విడుదలైంది. దిల్ రాజు కుటుంబం నుంచి హర్షిత్ రెడ్డి, హన్షిత ప్రొడ్యూసర్లు. చూడండి, 2007ల టిల్లు అనే పేరు వచ్చింది దిల్ రాజు సినిమాల్నే, 16 ఏండ్లకు డైరెక్టర్ అనే పేరు వచ్చింది కూడ అదే ఇంటి నుంచి. ప్రియదర్శి హీరో, కావ్య కళ్యాణ్‌రామ్ హీరోయిన్, భీమ్స్ సిసిరోలియో సంగీతం. డీజే టిల్లుకు తండ్రిగ నవ్వించిన మురళీధర్ గౌడ్ ఇందుల నారాయణ అనే అల్లుని పాత్ర చేసిండు.

కథ మీకు తెలిసిందే. కొమురయ్య అనే పెద్దమనిషి. ఊరంత తిరుగుడు, అందరితోని పరాచికాలాడుడు. మనుమడు సాయిలుకు అప్పులు మెడదాక ఉన్నయి, పెండ్లి అయితే వచ్చే పైసలతోని గట్టెక్కుదామని చూస్తుండు. సరిగ్గ పెండ్లి ఖాయం చేసుకునే ముంగట తాత చచ్చిపోతడు. మనుమనికి తాత పోయిన బాధ కంటే పెండ్లి ఆగిన బాధ ఎక్కువ. సావింట్ల మొదలైన కామెడీ ఇది. ఎవరైనా రాయాలంటే భయపడ్తరు, వేణు అక్కడ్నే మొదలుపెట్టిండు.

ఇప్పుడు మొదటి లెక్క తీయండి. మనదగ్గర మనిషి పోయినంక మూడొద్దులు, ఐదొద్దులు, పదకొండొద్దులు చేస్తం. పోయినోళ్లకు ఇష్టమైనయి వండి పిట్టకు పెడ్తం. కాకి ముడితే ఆత్మ శాంతించినట్టు. సినిమాల మూడొద్దులకు పెడ్తరు, కాకి ముట్టది. ఐదొద్దులకు పెడ్తరు, మళ్ల ముట్టది. ఊర్ల గుసగుసలు, పెద్దమనుషుల పంచాయితీ. ఇగ పదకొండొద్దులు వస్తది. చూసిన్రా? మూడుసార్లు. స్కిట్ల ఉన్న లెక్కనే. మొదటిసారి ముచ్చట తెలిసింది, రెండోసారి నవ్వుకున్నం, మూడోసారి ఆ కాకి కోసం మనమే మొఖం పైకెత్తి చూస్తం. ఆ మూడోసారి నవ్వు రావాల్సిన జాగల ఆయన ఏడుపు పెట్టిండు.

రెండో లెక్క నల్లి బొక్క. అల్లునికి, బామ్మర్దికి మధ్యల ఏండ్ల తరబడి మాటల్లేవు. కారణమేంది? భూమి కాదు, బంగారం కాదు. బంతిల నల్లి బొక్క పడలేదని మొదలైన పంచాయితీ. వినంగనే నవ్వొస్తది. కానీ ఆ బొక్క వల్ల ఒక ఆడిబిడ్డ తల్లిగారింటికి ఏండ్లపాటు రాలేదు. సచ్చిపోయిన తండ్రి మొఖం చూసుడే ఆమెకు తిరిగొచ్చుడయింది. కారణం ఎంత చిన్నగుంటే మొదట అంత నవ్వొస్తది, తర్వాత అంత బాధనిపిస్తది. రెండిటికీ కారణం అదే బొక్క. రూపలక్ష్మి చేసిన ఆ లక్ష్మి పాత్రను చూసి మా ఇండ్లల్ల ఆడోళ్లు ఎందుకంత ఏడ్సిన్రో ఇప్పుడు అర్థమైంది గదా.

ఆఖర్ల పాట కోసం ఆయన పెద్ద సింగర్ల దగ్గరికి పోలే. వరంగల్ జిల్లా దుగ్గొండి నుంచి మొగిలయ్య, కొమురమ్మ అనే భార్యాభర్తలను తెచ్చిండు. ఊరూరు తిరిగి బుర్రకథ చెప్పేటోళ్లు. మన దినాలల్ల పోయినోళ్ల బతుకును పాటగ చెప్పేటోళ్లను మనం చూసినమే, కానీ తెరమీద ఎన్నడన్న చూసినమా? మొగిలయ్య 2024 డిసెంబర్‌ల పోయిండు. ఆయన గొంతు మాత్రం ఆ సినిమాల ఉండిపోయింది.

నా రీల్ ముచ్చట

ఇగ నా ముచ్చట. 2022ల మా నానమ్మ పోయింది. మా మేనత్తకు అప్పటికి యాభై దాటినయి, ఓదెల దిక్కు ఒక ఊర్ల ఇచ్చిన్రు. ఆమె వచ్చి నానమ్మ మీద పడి రాగం తీసి ఏడ్సింది. మన దిక్కు ఆడోళ్లు ఏడ్సుడు మీకెరికే. వట్టిగ ఏడ్వరు, ఒక్కొక్క మాట చెప్పుకుంట, చేతులు ఊపుకుంట, రాగం తీసి ఏడుస్తరు. ఇంట్ల గుర్తుండనీకి అని నేను ఫోన్‌ల తీసిన.

నెలయినంక బుద్ధి గడ్డితిన్నది. ఆ ఆడియోను కోసి, నెత్తిమీద కొంగు లెక్క తువ్వాల ఏసుకొని, ఫోన్ చార్జర్ పోయిందని ఏడ్సినట్టు రీల్ చేసిన. నాకు అప్పటిదాక రెండువేల వ్యూస్ దాటింది లేదు. ఆ రీల్ లక్షలు దాటింది. దోస్తులు షేర్ చేసిన్రు, నేను షర్ట్ కాలర్ ఎత్తుకొని తిరిగిన. ఎవరో ఆమెకు చూపెట్టిన్రు. ఆమె ఫోన్ చేసి తిట్టలే. ఏమనలే. ఆ ఏడు రాఖీ పున్నమకు మా బాపుకు రాఖీ కట్ట రాలే, అంతే. మా బాపు పొద్దంత వాకిట్ల కుర్చీ ఏసుకొని కూసున్నడు. ఎందుకు రాలేదో ఆయనకు తెల్వదు. నాకు తెలుసు. చెప్పలే.

2023 మార్చి 24న బలగం ఓటీటీల వచ్చింది. ఆ తర్వాత ఊర్లల్ల ఏమయిందో మీకు యాదికుంటది. పంచాయతీ ఆఫీస్ ముంగట తెరలు కట్టి, ప్రొజెక్టర్లు పెట్టి, రాత్రిపూట ఊరంతకు చూపెట్టిన్రు. చిన్నప్పుడు వీధి నాటకాలకు పోయినట్టు చాపలు, గోనెసంచులు పట్టుకొని పోయిన్రు జనం. ఈ సినిమా చూసి అన్నదమ్ములు కలిసిపోయిన్రని పేపర్లల్ల వార్తలొచ్చినయి.

మా ఊర్ల కూడ ఏసిన్రు. నేను మా బాపు పక్కన కూసున్న. తెరమీద లక్ష్మి తల్లిగారింటికి వచ్చి ఏడుస్తుంటే మా బాపు తువ్వాల మొఖానికి అడ్డం పెట్టుకున్నడు. నాకు ఆ సినిమా కథ కనిపిస్తలేదు. నా నెత్తిమీద తువ్వాల ఏసుకొని నేనే ఎగురుతున్నట్టు కనిపిస్తుంది. అక్కడ్నే ఫోన్ తీసి రీల్ డిలీట్ చేసిన. డిలీట్ చేస్తే పోతదా? అప్పటికే ఎంతమంది ఫోన్లల్ల ఉన్నదో.

తెల్లారి జమ్మికుంట స్టేషన్‌ల ప్యాసింజర్ ఎక్కి ఓదెలల దిగిన. అత్త వాకిలి ఊడుస్తుంది. నన్ను చూసి ‘అన్నం తిన్నవారా?’ అన్నది, ఇంకో మాట లేదు. నేనే చెప్పిన, అత్తా తప్పయిందని. ఆమె చాలాసేపు ఊడ్సుకుంటనే ఉన్నది. తర్వాత అడిగింది: ‘నేను ఏడ్సింది అందరికి చూపెట్టినవు గదా బిడ్డా. నేను ఏం చెప్పుకుంట ఏడ్సిన్నో ఇన్నవా?’

వినలే. నిజంగ వినలే. లక్షల వ్యూస్ వచ్చిన ఆడియో అది, నేను వందసార్లు ఎడిట్ చేసిన. అందుల మాటలు మాత్రం వినలే, రాగం ఒక్కటే విన్న.

ఆ పాత వీడియో ఫోన్‌ల ఇంకా ఉన్నది. ఇద్దరం అర్రల కూసొని పెట్టుకున్నం. నానమ్మ తన కమ్మలు అమ్మి అత్తను కాన్పుకు దవాఖానకు తీసుకపోయింది అంట. ఆ కమ్మలు మళ్ల చేయిపిస్త అవ్వా అని అత్త మాటిచ్చింది అంట. చేయించకముందే నువ్వు పోతివి గదా అని ఏడ్సింది. ఇదంత ఆ నలభై సెకండ్లల్లనే ఉన్నది. మా బాపుకు కూడ ఆ కమ్మల ముచ్చట తెల్వదు.

వేణు ఏం విన్నడు, నేనేం వినలే

నాకు, ఆ పెద్దమనిషికి తేడా ఇక్కడ ఉన్నది దోస్తులు. ఇద్దరం సావింటినే తీసుకున్నం. ఇద్దరం నవ్వించాలనే చూసినం. నేను మనుషుల గొంతు తీసుకొని వాళ్ల మాట పారేసిన. ఆయన మాట కూడ విన్నడు. సావింట్ల చాయ్ కోసం కొట్లాడేటోళ్లు, పెట్టుపోతల లెక్కలు కట్టేటోళ్లు, కూర ముక్క తక్కువైందని మొఖం మాడ్చుకునేటోళ్లు, వీళ్లంత మనల్ని నవ్విస్తరు. కానీ ప్రతి ఒక్కరికి ఎనుక ఒక కమ్మల ముచ్చట ఉంటదని ఆయనకు ఎరుక. ఏండ్లపాటు సినిమాల్ల ఇల్లు లేని, కష్టం లేని హీరో దోస్తు పాత్రలు చేసిన మనిషి, తాను రాసినప్పుడు చిన్న పాత్రకు కూడ ఒక ఇల్లు ఇచ్చిండు. ఆ సినిమాల తాను కూడ ఒక చిన్న పాత్రల కనిపించి పోతడు చూడండి.

మరి దాని ఫలితం ఏమొచ్చింది అంటరా? 2023 సినిమాలకు ఇచ్చిన ఫిల్మ్‌ఫేర్‌ల తెలుగు ఉత్తమ చిత్రం బలగం, ఉత్తమ దర్శకుడు వేణు. తెలంగాణ ప్రభుత్వం ఇచ్చే గద్దర్ అవార్డుల్ల కూడ 2023కు ఉత్తమ చిత్రం ఇదే. ‘ఊరు పల్లెటూరు’ పాట రాసిన కాసర్ల శ్యామ్‌కు 2025ల ప్రకటించిన జాతీయ అవార్డు వచ్చింది. ఒకప్పుడు నవ్వుల కోసమే వాడిన యాసల పాట అది. తర్వాతి సినిమాగ వేణు ‘ఎల్లమ్మ’ అని ప్రకటించిండు, అది కూడ మన మట్టి పేరే.

మన దిక్కు ఫోన్‌ల కామెడీ చేసేటోళ్లు మస్తుమంది ఉన్నరు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి 2012ల మొదలైన ‘మై విలేజ్ షో’నే చూడండి. గంగవ్వను చూసి మనం నవ్వినం. కానీ నవ్వు గంగవ్వ మీద కాదు, గంగవ్వతోని కలిసి నవ్వినం. అందుకే ఆమె 2020ల బిగ్‌బాస్‌కు పోతే సొంత అవ్వ పోయినట్టు చూసినం.

నేను ఇప్పుడు ఏ స్కిట్ రాసినా ఒక పని చేస్తున్న. పంచాయతీ ముంగట తెర కట్టిన్రు అనుకుంట. నేను ఎవరి మీద రాసిన్నో ఆ మనిషి మొదటి వరుసల చాప ఏసుకొని కూసున్నడు అనుకుంట. ఆయన నవ్వుతడా, లేసి పోతడా? లేసిపోతడు అనిపిస్తే మళ్ల రాస్త. దీనివల్ల నా వ్యూస్ పెరిగినయా అంటే లేదు, నిజం చెప్తున్న, తగ్గినయి.

2023 రాఖీ పున్నమకు అత్త వచ్చింది. బాపుకు కట్టింది, మిఠాయి పెట్టింది. నాతోని ఎక్కువ మాట్లాడలే. పొయ్యేటప్పుడు మాత్రం ‘ఆ కమ్మల వీడియో మీ బాపుకు పంపు’ అన్నది. పంపిన.

సరే దోస్తులు, ఇయ్యాల్టికి ఇంతే. బలగం మళ్ల చూస్తే ఈసారి మూడొద్దులు, ఐదొద్దులు, పదకొండొద్దులు లెక్కపెట్టుకుంట చూడండి. మీ ఇండ్లల్ల రాగం తీసి ఏడ్సే అవ్వలుంటే, అత్తలుంటే, ఒక్కసారి పక్కన కూసొని మాటలు వినండి. మళ్ల ఇంకో ఎపిసోడ్‌ల కలుద్దాం. ఉంట మరి.